ఉప్పు తెలియని నోరు

కన్నకూతురు నోరు తెరవమంటే తెరవడానికి సిగ్గుపడిన తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కాఫీ పళ్లు అప్పుడప్పుడే ఎరుపు తిరుగుతున్నాయి. మొదటి కోతకి రేపో మాపో దిగాలి. గాయత్రి పాడేరులో నర్సు. సెలవు మీద వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా నన్ను గుమ్మం దగ్గర వెలుతురులోకి లాగి పీట మీద కూర్చోబెట్టింది. ఫోనులో టార్చి వెలిగించింది.

"తెరువమ్మా."

"ఏటుందని సూత్తావు? తిన్న మెతుకులుంటాయి."

"మెతుకులే చూస్తాను. తెరువు."

అది వస్తుందని తెలిసిన పూట నేను బొగ్గుపొడితో నోరు తోముకుంటాను. వేపపుల్ల నములుతాను. ఆ రోజూ అన్నీ చేశాను. వాసన పోయిందనే అనుకున్నాను. అది దగ్గరగా వంగినప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాను. నోట్లో ఏదో మెరిసింది. ఫొటో తీసింది. తీసి నాకే చూపించింది.

నా నోటి పైకప్పుని నేను చూడడం అదే మొదలు. తెల్లగా, మందంగా, ఎండలో బీటలు తీసిన మడిలా ఉంది. మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. అది నా ఒంట్లోదని నమ్మడానికి నాలుకతో పైకి తడిమి చూసుకున్నాను. నాలుకకి ఏమీ తెలియలేదు.

మా కొండల్లో ఆడవాళ్లు చుట్ట తాగడం వింతేమీ కాదు. కాకపోతే నిప్పు బయట పెట్టుకుని తాగం. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటాం. అడ్డపొగ అంటారు. వానకి ఆరదు, గాలికి ఎగరదు, వీపున కట్టుకున్న బిడ్డ మీద రవ్వ రాలదు. చలిలో కాఫీ మొక్కల మధ్య నిలబడి పళ్లు కోస్తుంటే నోట్లో చిన్న పొయ్యి ఉన్నట్టుంటుంది. మా అమ్మ తాగింది, మా అత్త తాగింది. నేనూ తాగాను.

గాయత్రి ఆ ఫొటోని వాళ్ల డాక్టరు గారికి పంపింది. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"ఇప్పుడు మానేస్తే చాలావరకు దానంతట అదే తగ్గుతుందట. మానకపోతే ఎటు తిరుగుతుందో చెప్పలేమన్నారు."

"ఎటు తిరుగుద్దేటి?"

"నీకు తెలుసు."

తెలుసు. దవడకి గుడ్డ కట్టుకుని తిరిగి తిరిగి, ఏడాది తిరక్కుండానే పోయిన మనిషిని మా వీధిలోనే చూశాను. అయినా అన్నాను.

"మా అమ్మమ్మ బతికినన్నాళ్లూ తాగింది. ఆవిడికేటయింది?"

"చచ్చిపోయింది" అంది గాయత్రి.

అరుగు మీద కత్తి నూరుకుంటున్న నా పెనిమిటి సోంబరు పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఇదివరకు వచ్చినప్పుడల్లా గాయత్రి "మానేశావా?" అని అడిగేది. "మానేశాను" అనేదాన్ని. అది అబద్ధమని దానికీ తెలుసు, దానికి తెలుసని నాకూ తెలుసు. అలా ఏళ్లు గడిచాయి. ఈసారి అలా అడగలేదు. బస్సెక్కబోతూ, "మానాలని ఉందా?" అంది.

"నేదు" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. "సరే. ఉన్నప్పుడు చెప్పు" అని ఎక్కి కూర్చుంది. తాడు లాగే ఆటలో కాళ్లు తన్నిపెట్టి నిలబడితే అవతలి మనిషి తాడు వదిలేసినట్టయింది నా పని.

*

ఆ వారంలోనే ఫల్గుణ సంగతి బయటపడింది. మా అబ్బాయి జీపు నడుపుతాడు. మంచు రోజుల్లో టూరిస్టులని తెల్లారేసరికి లంబసింగి తీసుకెళ్లి చూపించి తెస్తాడు. అక్కడ రోడ్డు పక్క టీ కొట్టులో ఒక పిల్ల ఉందట. పేరు మాధవి. మనవాళ్లేనట.

ఫొటో చూపించాడు. పెద్ద కెటిల్ పక్కన నిలబడి నవ్వుతోంది. చుట్టూ తెల్లగా కమ్ముకుని ఉంది. అది మంచో, టీ ఆవిరో, ఆ పిల్ల నోటి ఆవిరో తెలియడం లేదు.

"ఎలగుంది?" అన్నాడు.

"పళ్లు తెల్లగున్నాయి" అన్నాను.

నా కళ్లు ముందు అక్కడికే పోయాయి. ఆ పిల్ల ఈ ఇంటికొస్తుంది. నా పక్కన కూర్చుని బియ్యం చెరుగుతుంది, నా చేతి కూడు తింటుంది. నా పిల్లలు పుట్టిందగ్గర్నుంచీ ఈ వాసనలోనే పెరిగారు కనుక ఎప్పుడూ అనలేదు. పరాయి పిల్లకి మొదటి రోజే తెలుస్తుంది. తెలిసి మొహం తిప్పుకుంటే? తిప్పుకోకుండా ఓర్చుకుంటే అది ఇంకా అన్యాయం.

గాయత్రికి ఫోన్ చేశాను.

"ఉన్నాది" అన్నాను.

"ఏముంది?"

"నువ్వడిగినావు కదేటే. మానాలని ఉన్నాది."

మామూలుగానే అడిగింది. "ఎప్పట్నుంచి అనుకుంటున్నావు?"

"మొదటి కోత అవనీ."

"సరే. ఈలోగా చేతికి ఒక పని, నోటికి ఒక వస్తువు చూసుకో. ఊరికే కూర్చుంటే కుదరదు."

అల్లం ముక్కలు ఎండబెట్టాను. ఉసిరికాయలు చీల్చి ఊరేశాను. దూలంలో దోపిన పొగాకు కట్ట తీసి పక్కింట్లో ఇచ్చేశాను. సాయంత్రం వెళ్లి ఒక్క ఆకు అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా ఇచ్చింది. మర్నాడు ఆ ఆకులో మిగిలిన సగం కూడా తీసుకెళ్లి ఆవిడ చేతిలోనే పెట్టాను. "ఇదేటి వదినా, నా ఇంట్లో దాసుకుంటన్నావా?" అని నవ్వింది.

మొదటి కోత అయ్యాక మానేశాను.

ఎలా మానేశానో చెప్పడానికి మాటలు పెద్దగా లేవు. నోరు ఎండిపోయేది, మళ్లీ నిండా నీళ్లూరేవి. రెండో కోతలో ఎర్ర పళ్లతో పాటు పచ్చికాయలు కూడా దూసి గంపలో వేశాను.

"పచ్చివి కోత్తన్నావేటి? పూనకమేటి?" అన్నాడు సోంబరు.

"నా జోలికి రాకు మావా. నీ నెత్తిన బోర్లిత్తాను గంప."

ఆయన పక్క వరసలోకి మారిపోయాడు. సంతకి వెళ్లి వచ్చినప్పుడు మాత్రం ఒక పొట్లం నువ్వుల జీళ్లు తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టాడు. ఎవరికోసమో చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం రాజ్మా కూర వండాను. చింతపండు పులుసు పోసి, ఎండుమిరప వేసి, రోజూ వండినట్టే. అందరం కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే నాలుక ముడుచుకుపోయింది. మింగలేకపోయాను.

"ఇంత ఉప్పేసేనేటి?" అన్నాను.

సోంబరు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఫల్గుణ కంచంలోకి చూస్తున్నాడు.

"ఏటి, పలకరేటి? ఉప్పు ఎక్కువయింది కాదా?"

"ఎప్పుడేసినంతే ఏసినావు" అన్నాడు సోంబరు, నెమ్మదిగా.

అప్పుడు అర్థమయింది. నా నోటికి ఇప్పుడిప్పుడే ఉప్పు తెలుస్తోంది. కూర ఈ రోజు మారలేదు. ఏళ్లుగా ఇదే కూర. ఏళ్లుగా వీళ్లు ఇంత అన్నంలో ఇంతే కూర కలుపుకుని, పైన గిన్నెడు మజ్జిగ పోసుకుని తిన్నారు. నా మొగుడికి మజ్జిగ ఇష్టమనుకున్నాను. గాయత్రికి కూరలు అంతగా పడవని ఊరంతా చెప్పాను. పండక్కి చుట్టాలొస్తే నా చేతి వంట వాళ్లకి నచ్చిందనే అనుకున్నాను, మంచినీళ్లు అడిగి అడిగి తాగుతుంటే.

"ఒక్కడైనా సెప్పలేకపోయారేటి?" అన్నాను.

"సెప్తే నువ్వు బాదపడతావని" అన్నాడు ఫల్గుణ.

నేను లేచి కూరలో వేడినీళ్లు పోశాను. వాళ్ల మొహాలు చూడలేక అక్కడే పొయ్యి ముందు నిలబడ్డాను.

*

మాధవి వాళ్లింటికి మాట అనుకోవడానికి వెళ్లాం. జీపులో జీలుగు కల్లు కుండ, బియ్యం, కోడి, పసుపుదారం చుట్టిన పొగాకు కట్ట.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మాట ఖాయమైన రోజున ఒకసారి, పిల్లని పంపే రోజున ఒకసారి, రెండు వైపుల తల్లులూ ఒకే చుట్ట తాగాలి. మగపిల్లాడి తల్లి ముట్టించి ఒక దమ్ము పీల్చి, ఆడపిల్ల తల్లికి అందిస్తుంది. పొగ కలపడం అంటారు. ఎవరైనా కాదంటే ఆ సంబంధం కాదన్నట్టే.

దారిలో ఫల్గుణ అన్నాడు, "అమ్మా, ఆళ్ల పెద్దాయన యర్రయ్య తాతతో నాను ముందే మాటాడతాను. ముట్టించకుండా పట్టుకుంటే సాలని."

"ఏల? పదిమందిలో నా పరువు తీత్తావేటి? పెద్దోళ్లు పెట్టిన పద్ధతి కాదనడానికి మనమెవరం?"

పద్ధతి కోసం అన్నాననే అనుకున్నాను. కాని ఆ పొగాకు కట్ట కట్టింది నేను. కట్టినప్పటి నుంచీ వేళ్లకి ఆ వాసన. ఘాట్ రోడ్డు పొడుగునా వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

దేముడమ్మ, అంటే మాధవి తల్లి, నాకంటే కొంచెం చిన్నది. సన్నగా, మాట తక్కువగా ఉంది. మాటలు అయ్యాయి. యర్రయ్య పొయ్యిలోంచి నిప్పు తెప్పించాడు. నేను చుట్ట ముట్టించి, నిప్పు వైపు తిప్పి నోట్లో పెట్టుకున్నాను.

ఒక దమ్ము చాలు. నేను చాలాసేపు పీల్చాను. ఎన్నాళ్లకో పుట్టింటికి వెళ్లినట్టుంది. కళ్లు మూసుకున్నానేమో కూడా. తెరిచి చూసేసరికి ఫల్గుణ నన్నే చూస్తున్నాడు.

చుట్ట తీసి దేముడమ్మకి అందించాను. ఆమె చెయ్యి చాచలేదు. కూతురు వైపు చూసింది. నాకు భయం వేసింది, మా పిల్లాడు వాళ్లకి నచ్చలేదేమోనని. దాంతో పాటు ఇంకో భయం కూడా, ఆమె కాదంటే నేను తాగినది అందరి ముందూ తప్పుగా మిగిలిపోతుందని.

"తీసుకో వదినా" అన్నాను నవ్వుతూ. "మా గుంటడు నచ్చనేదేటి? సెప్పేయ్, ఇప్పుడే జీపెక్కి పోతాం."

అందరూ నవ్వారు. దేముడమ్మ కూడా నవ్వింది. చుట్ట తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతుర్ని పంపాలని కాబోలు అనుకున్నాను.

పద్ధతి ప్రకారం పెద్దాయన ఆ చుట్టని తీసుకుని నిప్పులో పడెయ్యాలి. నేనే పడేస్తానని తీసుకుని, జీపు వెనక నిలబడి చివరిదాకా తాగాను.

*

పెళ్లి అయ్యేదాకానే అనుకున్నాను. పక్కింటి వదిన దగ్గర నా కట్ట నాకు దొరికింది. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల వెనక, మిరియాల తీగ నీడలో తాగేదాన్ని. ఇంట్లో మాత్రం అల్లం ముక్క నమిలేదాన్ని, అందరికీ కనపడేలా.

ఒక రోజు చిక్కుడుకాయ కూర వండాను. సోంబరు తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టుకున్నాడు. కూర పెట్టుకోలేదు. మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుని నిండా పోసుకున్నాడు.

నా చెయ్యి గరిటె మీదే ఉండిపోయింది.

ఆయన నా వైపు చూడలేదు. మర్నాటి నుంచి ఫల్గుణ బయట తిని వస్తున్నానన్నాడు, టూరిస్టులు పెడుతున్నారని. ఎవరూ ఒక్క మాట అనలేదు. తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఉప్పు ఎంత వెయ్యాలో ఎంత ఆలోచించినా తెలియలేదు. చేతి లెక్కన వేద్దామంటే చేతికి కూడా ఆ పాత లెక్కే వచ్చు.

గాయత్రి వచ్చింది. ఒక ముద్ద తింది. ఇంకొంచెం అన్నం కలుపుకుంది. ఆ పూట అది ఏమీ అడగలేదు. కంచం కడిగి బోర్లించి, వెళ్తూ వెళ్తూ అంది. "అమ్మా, మానేవాళ్లందరూ ఎక్కడో ఒక దగ్గర జారతారు. జారిన దగ్గర నుంచే మళ్లీ లేవాలి. మొదటికి పోనక్కర్లేదు."

"నానేటి జారనేదు. మర్యాద సేసినాను."

"సరే" అంది.

ఆ "సరే" కంటే నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

*

పెళ్లి సామాన్ల కోసం చింతపల్లి సంతకి వెళ్లాను. ఫల్గుణ జీపు ఆపుకోవడానికి వెళ్లాడు. ఇత్తడి బిందెల దగ్గర నిలబడి బేరం చేస్తుంటే వెనక నుంచి ఎవరో "అత్తా" అన్నారు. మాధవి. రాజ్మా గింజలు అమ్ముకోవడానికి వచ్చిందట. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"ఒక మాట సెప్తాను. తప్పుగా అనుకోకు."

"సెప్పు, గుంటా."

సంచి మడతలు విప్పింది, మళ్లీ మడిచింది.

"వానాకాలంలో మా అమ్మని విశాపట్నం తీసుకెళ్లినాం. నోట్లో పైన కొంచెం ముక్క కోసి పరీచ్చ సేసినారు. ఇంకా సెడ్డది అవనేదట. కాని తాగితే మాత్రం అవుద్దన్నారు. అప్పట్నుంచి మానేసింది. సాన కష్టపడింది అత్తా. మాట అనుకున్న రోజున..." అని ఆగింది. "ఆ రోజు తాగిన తరవాత మళ్లీ మొదలెట్టింది."

బిందెలవాడు రేటు తగ్గించి ఏదో చెప్తున్నాడు. నాకు వినపడలేదు.

"నీకు అలవాటని తెలుసు. నిన్ను మానమని అనను నాను, పెద్దదానివి. నన్ను పంపే రోజున మళ్లీ పొగ కలపాలి కదా. ఆ ఒక్క రోజు ఏటో ఒక వొంక సెప్పి నువ్వే వద్దను. మా అమ్మ వద్దనడానికి నేదు. ఆడపిల్ల తల్లి కదా."

తెల్లటి పళ్లున్న ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ అంది. మొహం తిప్పుకోలేదు. నా రొంటిన అప్పుడు ఒక చుట్ట ఉంది. నడిచినప్పుడల్లా పొట్టకి తగులుతోంది.

ఒక వెర్రి ప్రశ్న అడిగాను. "మీ అమ్మ కూరలో ఉప్పెలగేత్తాది?"

మాధవి తెల్లబోయింది. తరవాత నవ్వొచ్చింది దానికి. "అమ్మ ఎయ్యకముందే నాను ఏసేత్తాను. ఉప్పు డబ్బా దాసేత్తాను. ఆవిడికి తెలవదు."

"మీ అమ్మకి తెలుసే. అయినా ఏటంటాది" అన్నాను.

బిందె కొనలేదు. ఫల్గుణని పిలిచి, జీపు లంబసింగికి పోనిమ్మన్నాను.

దేముడమ్మ పెరట్లో అలసందలు దంచుతోంది. నన్ను చూసి కంగారుగా పైట సర్దుకుని, ఏదో చప్పున పక్కకి ఉమ్మింది. ఏం ఉమ్మిందో నాకు తెలుసు. నేను కూడా అలాగే ఉమ్ముతాను.

"కూకో వదినా. బేగి టీ పెడతాను."

"టీ వద్దు. నువ్వు మానేసినట్టు నాకు తెలవదు వదినా."

ఆమె రోకలి పక్కన పెట్టింది. "సెప్పేసిందా అది."

"కాదనలేకపోయావేటి?"

"నువ్వు అంత ఇట్టంగా ముట్టించినావు. పైగా గుంటడు నచ్చనేదేటని అడిగినావు. కాదంటే నా గుంట బతుకేటవుద్ది?" కోపం లేదు ఆ మాటలో. "పోన్లే. మర్యాద కాడ మనం సేసేదేటుంది."

ఆ మర్యాద మాట పట్టుకుని నేను బయటపడిపోవచ్చు. ఆమె దారి ఇచ్చింది.

"నాను మర్యాదకి తాగనేదు" అన్నాను. "నానూ మానేసి ఉన్నాను అప్పుడు. నాకు కావాలని తాగినాను. నిన్ను కూడా తాగించినాను."

దేముడమ్మ లేచి నా దగ్గరికి వచ్చి, ఎండ వైపు తిరిగి నోరు తెరిచింది. పైన ఒక పక్కన గుంటగా, గులాబీ రంగులో కోసిన మచ్చ. చుట్టూ నాకు బాగా తెలిసిన తెలుపు. ఆమె మూసుకున్నాక నేను తెరిచాను. కూతురు అడిగితే తెరవడానికి సిగ్గుపడిన నోరు. పట్టపగలు, పెరట్లో, కోళ్ల మధ్య, వియ్యపురాళ్లిద్దరం ఒకరి నోట్లో ఒకరం చూసుకున్నాం.

"నాకంటే నీదే మందంగున్నాది" అంది దేముడమ్మ.

"మగపిల్లాడి తల్లిని కాదేటి" అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

పెద్దవాళ్లకి చెప్తే ఒప్పుకోరు. పొగ కలవని కోడలు ఇంట్లో నిలవదని యర్రయ్య నమ్మకం. ఆయన మేనత్త పెళ్లిలో అలాగే అయిందట. అలసందలు నేనే దంచడం మొదలుపెట్టాను.

"వదినా" అంది దేముడమ్మ చివరికి. "నిప్పు నోటి లోపలుంటాది కదా."

"ఊఁ."

"ఉన్నాదో నేదో ఎవుడికి తెలుసు?"

*

ఈసారి మానేటప్పుడు ఎవరికీ చెప్పలేదు. అల్లం ఎవరికీ కనపడేలా నమలలేదు. మొదటిసారి కంటే కష్టంగా ఉంది. మొదటిసారి ఏం కోల్పోతానో తెలియదు, ఇప్పుడు తెలుసు. కూరలో ఉప్పు వెయ్యడం మానేసి, ఉప్పు గిన్నె అందరి మధ్యలో పెట్టాను. ఎవరికి కావలసినంత వాళ్లే కలుపుకున్నారు. సోంబరు గిన్నె వైపు చూసి, నా వైపు చూసి, చిటికెడు తీసుకున్నాడు.

పిల్లని పంపే రోజు తెల్లారేసరికి లంబసింగిలో ఎదుటి మనిషి కనపడడం లేదు. వాకిట్లో నెగడు వేశారు. దాని చుట్టూ కూర్చున్నవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి కాని మొహాలు లేవు. యర్రయ్య గొంతు మంచులోంచి వచ్చింది. "కానీండమ్మా, పొగ కలపండి."

నేను చుట్ట తీసుకుని, ముట్టించుకొస్తానని వంటింట్లోకి వెళ్లాను.

పొయ్యి నిండా కణకణలాడే నిప్పు. చుట్ట నోట్లో పెట్టుకున్నాను. పచ్చి పొగాకు రుచి నాలుకకి తగలగానే నోరంతా నీళ్లయింది. ఒక్క నిప్పు కణిక. ఎవరికీ తెలియదు. అక్కడ కూడా ముట్టించాలనే అనిపించింది నాకు. అంత జరిగాక, ఆ మచ్చ కళ్లారా చూశాక కూడా అనిపించింది.

దేముడమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను కనిపెట్టుకుని ఉంటుందనుకుని తల తిప్పి చూశాను. ఆమె నా వైపు చూడడం లేదు. వీపు నా వైపు తిప్పి, ఎవరూ లోపలికి రాకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఆ వీపు వైపు చూస్తూ కాసేపు ఉన్నాను. తరవాత చెయ్యి పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తీసుకున్నాను.

వాకిట్లోకి వచ్చి, ముట్టించని చుట్టతో నెగడు ముందు నిలబడి ఊపిరి గట్టిగా వదిలాను. తెల్లగా వచ్చింది. చలికి నోటి ఆవిరి. ఇంకోసారి వదిలాను. చుట్టని అరచేత్తో కప్పి దేముడమ్మకి అందించాను. ఆమె నోట్లో పెట్టుకుంది. ఆమె ఊపిరీ తెల్లగా వచ్చి నా దాంట్లో కలిసింది. అవతల మాధవి పక్కన నిలబడ్డ గాయత్రి స్వెట్టరు చేతుల్లోకి వేళ్లు దాచుకుని మమ్మల్నే చూస్తోంది. దాని మొహంలో దిగులు కనిపించింది. అది కూడా నమ్మేసింది.

యర్రయ్య లేచి వచ్చి, దేముడమ్మ చేతిలోంచి చుట్ట తీసుకున్నాడు. నిప్పులో పడెయ్యాల్సింది ఆయనే. పడెయ్యబోతూ ఆగాడు. చివర్ని బొటనవేలితో ఒకసారి తడిమాడు. అక్కడ బూడిద లేదు, మసి లేదు. మా ఇద్దరికీ ఊపిరి ఆగిపోయింది. ఊపిరి ఆగితే పొగ కూడా ఆగిపోయింది.

ఆయన చుట్టని నెగడులోకి విసిరాడు.

"పొగ బాగానే కలిసింది" అన్నాడు అందరికీ వినపడేలా. మా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "బేగి ఊపిరి తియ్యండి. ఎండొత్తే మంచు నిలవదు" అన్నాడు.

*

మాధవి వచ్చిన మర్నాడు పొద్దున్న రాజ్మా పొయ్యి మీద పెట్టాను. ఈ రోజు కూరలోనే వేద్దామని ఉప్పు కోసం చెయ్యి చాస్తే డబ్బా అక్కడ లేదు. గట్టు మీద లేదు, అలమరలో లేదు. వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయాను.

అలవాటు. వాళ్లమ్మ దగ్గర చేసినట్టే చేసింది. మొదటి రోజే.

అడగకుండా ఊరుకోవచ్చు. దాన్నే వేసుకోనివ్వచ్చు. ఏళ్లుగా ఈ ఇంట్లో అందరూ అలాగే నన్ను కాచుకొచ్చారు.

"మాధవీ, ఉప్పు డబ్బా ఎక్కడున్నాది?"

వాకిట్లో ముగ్గు వేస్తున్న పిల్ల చప్పున లేచి వచ్చింది. బియ్యం డ్రమ్ము వెనక నుంచి డబ్బా తీసి, తల వంచుకుని నా ముందు పెట్టింది. దాని చెవులు ఎర్రబడ్డాయి. నా చెవులూ అలాగే ఉండి ఉంటాయి.

చిటికెడు తీసి కూరలో వేశాను. కలిపి, గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకుని చూశాను. సరిపోయిందనిపించింది. నా నోటిని నేను నమ్మలేదు. గరిటె దానికి ఇచ్చాను.

"సూడు."

అది నా మొహం చూసింది, కూర చూసింది. అరచేతిలో వేసుకుని ఊదుకుని నాకింది. పీట మీద కూర్చున్న సోంబరు, జీపు తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఫల్గుణ, ఇద్దరూ చూస్తున్నారు.

"సాలనేదు అత్తా" అంది మాధవి, భయపడుతూనే.

ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. నేను ఇంకో చిటికెడు వేశాను.